గోడవైపు తిరిగిన ఏడుగురు

"ఇంకా ఎవరూ పొమ్మనలేదుగా? అప్పుడే సర్దేసుకుంటున్నావేం?" అన్నాడు డిటెక్టివ్ గుమ్మంలోంచే.

అన్న కూతురు తలెత్తలేదు. సొరుగులోంచి దువ్వెన, పెన్నులు, సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు తీసి అట్టపెట్టెలో వేసింది.

"నాలుగింటికి అంటారు బాబాయ్. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోలేక."

పదకొండు దాటింది. బల్ల మీద ఆ రోజు పేపరు పరిచి ఉంది. మొదటి పేజీలో ఫొటో. వంతెన అడుగుభాగం, ఒక స్తంభం, దాని ముందు ఏడుగురు మనుషుల వీపులు. ముఖం ఒక్కటీ లేదు. 'వంతెన కింద వీళ్లకేం పని?' అని హెడ్డింగు. మూడో వాక్యంలో, రోడ్ల శాఖని అడిగి రాసిన కంపెనీ పేరు. ఆ పేరు పేపరుకెక్కడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి.

వంతెనలు ఎత్తడం ఆ కంపెనీ పని. వంతెన దూలానికీ దాన్ని మోసే స్తంభానికీ మధ్య రబ్బరూ ఉక్కూ పొరలుగా అతికించిన దిమ్మ ఉంటుంది. దిమ్మ పాతబడితే వంతెనను జాకీలతో అరంగుళం ఎత్తి, పాతది లాగేసి కొత్తది పెట్టాలి. పైన బస్సులు తిరుగుతూనే ఉంటాయి. బస్సులో కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలియకూడదు. తెలిస్తే దిగిపోతారు. అందుకే కంపెనీ గేటుకి బోర్డు లేదు, లారీల మీద పేరు లేదు. కంపెనీ పెట్టిన పెద్దాయన మాట ఒకటే: మనం వచ్చి వెళ్లామని ఎవరికైనా తెలిసిందంటే పని చెడగొట్టామన్నమాట.

అలాంటి చోట అన్న కూతురిది పబ్లిక్ రిలేషన్స్ ఉద్యోగం. చేరిన రోజు ఇంటిల్లిపాదీ నవ్వారు. అక్కడ నీకేం పనే అని డిటెక్టివే అడిగాడు. "పేరు బయటికి రాకుండా చూడటం," అంది. ఏడాదిన్నర చూసింది కూడా. విలేకరి ఫోన్ చేస్తే పది నిమిషాలు మాట్లాడి, ఒక్క ముక్క చెప్పకుండా, అవతలివాడి చేత థాంక్స్ చెప్పించుకుని పెట్టేసేది.

డిటెక్టివ్ కుర్చీ లాక్కున్నాడు.

"ఇప్పుడు నేను బాబాయిని కాదు. అడిగినదానికి జవాబు చెప్పు."

"మరి టీ తెప్పించనా, వద్దా? బాబాయికైతే తెప్పిస్తాను."

"తెప్పించు. ఫొటో పేపరాఫీసుకి ఎలా చేరింది?"

"కవర్లో. ప్రింటు వేసిన ఫొటో. కవరు మీద పేపరు పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. లోపల చీటీ ముక్క కూడా లేదట."

"ప్రింటు ఎక్కడ వేశారు?"

ఆమె గది మూలకి వేలు చూపించింది. "అదిగో. ఆఫీసులో ఫొటోలు వేసే మిషను అదొక్కటే. దాని రోలరు గీసుకుపోయింది. ఏది వేసినా కుడి అంచున సన్నగా గీత పడుతుంది. ఆ ఫొటోకీ పడింది."

"గదికి తాళం వేస్తావా?"

"పగలు వెయ్యను."

"ఫొటో తీసిన రోజు సైటుకి వెళ్లావా?"

"వెళ్లాను. ఊరికే, చూద్దామని."

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"ఈ కంపెనీలో పబ్లిక్ రిలేషన్స్ గదికి ఎవరొస్తారు బాబాయ్? దారి తప్పినవాళ్లు కూడా రారు."

అని మోచేయి గోక్కుంది. ఐదేళ్ల వయసులో పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి 'నేను కాదు' అన్నప్పుడూ ఆ మోచేయే గోక్కుంది.

డిటెక్టివ్ గది చుట్టూ చూశాడు. కిటికీ పక్కన చేతుల కుర్చీ ఉంది. నడుముకి ఆనించుకునే మెత్త దాని మీద ఉంది. కిటికీ గట్టు మీద రెండు గ్లాసులు, రెండింటి అడుగునా టీ మరక.

"రెండు టీలు తాగుతావా?"

"ఒకటి చాలదు." మళ్లీ మోచేయి.

"తెలిసే దాస్తున్నావు."

ఆమె అట్టపెట్టె మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టింది. "నేను తియ్యలేదు, నేను పంపలేదు. అంతవరకు తేల్చిపెట్టు బాబాయ్. ఉద్యోగం పోతే పోనీ. కంపెనీ గుట్టు అమ్ముకున్న మనిషని పేరు పడితే నన్నింకెవరు గుమ్మం తొక్కనిస్తారు? కానీ ఎవరు చేశారని మాత్రం వెతక్కు."

"అదెలా కుదురుతుందే?"

"నాకేం తెలుసు? డిటెక్టివ్‌వి నువ్వు."

తలుపు తట్టకుండా ఇద్దరు లోపలికి వచ్చారు. ముందు వచ్చినాయన కంపెనీ ఎండీ, పెద్దాయనకి అల్లుడు. వెనకాల వచ్చినవాడిని చూసి డిటెక్టివ్ నిట్టూర్చాడు. అతను డిటెక్టివ్‌కి స్వయానా బావమరిది. అతనిదీ డిటెక్టివ్ ఏజెన్సీయే. బావమరిది ఏజెన్సీలో తొమ్మిదిమంది పనిచేస్తారు, ఏసీ ఉంది. బావ ఏజెన్సీలో బావ ఉంటాడు.

"నువ్వూ దిగావా బావా? అక్క చెప్పనేలేదే."

"మీ అక్కకి నేను చెబితే కదా."

ఎండీ వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికి క్లయింట్లు వస్తున్నారు. వాళ్లకి ఒక పేరు చెప్పాలి. మీవాడు కేసు తేల్చేశాడు. మీరు అమ్మాయి తరఫు మనిషి కాబట్టి వినిపిస్తున్నాను, అంతే."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ప్రింటరు ఈమెది, గది ఈమెది. ఆ రోజు సైటుకి వెళ్లిన ఆఫీసు మనిషి ఈమె. ఫొటోలో ఒక్కడూ కెమెరా వైపు చూడటం లేదు, అంటే చాటుగా తీసింది. ఇంకేం కావాలి?"

"ఎందుకు చేసిందో కావాలి."

"ప్రచారం చేసే మనిషిని తెచ్చి నోటికి తాళం వేస్తే ఎన్నాళ్లుంటుంది? ఎక్కడో ఒకచోట పొంగుతుంది."

"మావయ్యా!" అంది అన్న కూతురు.

"నువ్వుండమ్మా. బంధుత్వం వేరు, రిపోర్టు వేరు. సాయంత్రం ఇంటికొచ్చి నేనే ఓదారుస్తా."

"ఓదార్చడానికి వచ్చేవాడివి అన్నం తినకుండా వెళ్లవుగా," అన్నాడు డిటెక్టివ్. "అసలు ప్రింటు చూశావా, పేపర్లో వేసింది చూసి రిపోర్టు రాశావా?"

బావమరిది గర్వంగా ఫోన్ తీశాడు. పేపరాఫీసులో అతని మనిషి ఒకడు అసలు ప్రింటుని ఫొటో తీసి పంపాడు. డిటెక్టివ్ దాన్నీ, బల్ల మీద పేపరునీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పేపరువాళ్లు పైభాగం, కింది భాగం కత్తిరించేశారు. అసలు ప్రింటులో మనుషులు కింది సగంలో ఉన్నారు, మోకాళ్ల దగ్గర తెగిపోయారు. పై సగమంతా దూలం, దాని కింద దిమ్మ. ఎడమ అడుగు మూలలో గుండ్రటిదేదో అంచు మాత్రం పడింది.

"ఈ ఫోన్ నాకో గంట ఇస్తావా?"

"ఫోన్ ఇవ్వను. నేనే వస్తా. నా కారులోనే పద. నీ స్కూటర్ మీద వెళితే నాలుగు కాదు, రేపు నాలుగవుతుంది."

*

వంతెన కింద పని ముగిసి మూడు వారాలైంది. ఫోర్‌మన్ ఇద్దరు మనుషులతో మిగిలిన నిచ్చెనలు విప్పిస్తున్నాడు. పైన లారీ వెళ్లినప్పుడల్లా దూలం సన్నగా గొణిగింది.

డిటెక్టివ్ ఫోన్ కళ్ల ముందు పట్టుకుని స్తంభానికి ఎదురుగా నిలబడ్డాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు, కుడికి జరిగాడు. దిమ్మ కనిపించలేదు. ఇవతలి దూలం అంచు అడ్డొస్తోంది. గొంతుక్కూర్చున్నాడు. దిమ్మ బయటపడింది, ఫొటోలో ఉన్నట్టే.

"చాటుగా తీసేవాడు వంగే తీస్తాడు బావా," అన్నాడు బావమరిది. బూట్లకి మట్టి అంటకుండా పలక మీద నిలబడి ఉన్నాడు.

"వంగితే చెయ్యి కదులుతుంది. ఫొటో చూడు, దిమ్మ మీద బోల్టు మరలు కూడా లెక్కపెట్టొచ్చు. వీడు కూర్చుని తీశాడు, తాపీగా. ఇంతకీ చాటెక్కడుంది ఇక్కడ? నీ పొట్ట దాచుకోవడానికి చెట్టయినా లేదు."

"పొట్ట సంగతి ఎందుకిప్పుడు?"

"మీ అక్కకి కనపడకుండా వంటింట్లో దాక్కోబోతే నాకూ అదే అవస్థ కాబట్టి." డిటెక్టివ్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఫోర్‌మన్‌ని పిలిచాడు. "ఏమయ్యా, సైటులో ఫొటోలు ఎవరు తీస్తారు?"

"నేనే సార్. కంపెనీ కెమెరా ఒకటుంటుంది, నా పెట్టెలో. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటాం. పని రికార్డు కోసం తీయాల్సొస్తే 'గోడ' అని అరుస్తాను. అందరూ గోడవైపు తిరిగిపోతారు. ముఖాలు పడకూడదని పెద్దాయన పెట్టిన పద్ధతి."

బావమరిది పలక మీంచి దిగాడు. బూటు మట్టిలో దిగబడింది. "అంటే వీళ్లు చూడక కాదు..."

"చూసే తిరిగారు. ఎవరో 'గోడ' అన్నారు కాబట్టి తిరిగారు," అన్నాడు డిటెక్టివ్. "గోడ అంటే అందరూ తిరుగుతారా?"

"అందరూనూ. పంపు మనిషి తప్ప." ఫోర్‌మన్ ఛాతీ విరుచుకున్నాడు. "వంతెన జాకీల మీదుంటుంది సార్. ఆ జాకీలని ఎత్తే పంపు గేజి ముల్లు మీంచి వాడు చూపు తీయకూడదు. నేను చెప్పినా తీయడు. తీశాడంటే ఆ పూటే ఇంటికి పంపించేస్తాను."

"మంచి పద్ధతి. ఆ రోజు ఎంతమంది పనిలో ఉన్నారు?"

"నేను కాక ఏడుగురు."

"పంపు మనిషితో కలిపా?"

"కలిపే."

డిటెక్టివ్ ఫోన్ అతని ముందు పెట్టాడు. "వీపులు లెక్కపెట్టు."

ఫోర్‌మన్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నీళ్లు నమిలాడు.

"పంపు మనిషి ఇందులో ఎవరు?"

"ఆ చివరివాడు."

"ఇంటికి పంపించావా?"

ఫోర్‌మన్ నిచ్చెనలవైపు తిరిగాడు.

"ఈ మూల గుండ్రంగా కనిపించేదేమిటి?"

"గేజి అంచు సార్."

"పంపు మనిషి నిలబడి పని చేస్తాడా, కూర్చునా?"

"స్టూలుంటుంది."

"అంటే ఫొటో తీసినవాడు పంపు మనిషిని లేపి, వాడి స్టూలు మీద తాను కూర్చుని, వాడిని కూడా గోడవైపు తిప్పి, తీశాడు. వంతెన గాల్లో ఉండగా. నువ్వు చెప్పినా లేవనివాడు ఎవరు చెబితే లేచాడయ్యా?"

ఫోర్‌మన్ టోపీ తీసి దులిపాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "సార్, నా పెళ్లికి అక్షింతలు వేసిన చేయి అది. నన్నడక్కండి. గేజి మాత్రం ఆ రెండు నిమిషాలూ ఆయనే చూసుకున్నారు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను."

"అమ్మాయి?"

"పాపం, ఆ అమ్మాయి కారులో ఆయన్ని దింపి, పైన నీడలో కూర్చుంది. కిందికే రాలేదు."

బావమరిది రిపోర్టు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కారు తాళం తిప్పాక అన్నాడు, "అక్కకి చెప్పకు బావా."

"ఏది?"

"నేను పప్పులో కాలేశానని."

"బూటు చూస్తే ఆమెకే తెలుస్తుంది."

*

వాళ్లు తిరిగి వచ్చేసరికి మూడు కావస్తోంది. కిటికీ పక్క చేతుల కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు, నడుము వెనక మెత్త పెట్టుకుని. చేతిలో టీ గ్లాసు. రెండోది అన్న కూతురి చేతిలో ఉంది. బాబాయిని చూసి ఆమె లేచి, కుర్చీకి అడ్డంగా నిలబడింది.

"వెతకొద్దన్నాను కదా."

"వెతకలేదు. ఫొటోలో ఉన్నదే చూశాను."

"తాతగారిని అందరిముందూ నిలబెట్టావంటే నీతో మాట్లాడను. నలభై ఏళ్లు దాక్కుని పనిచేశారు. ఒక్కసారి తన పని పేపర్లో చూసుకోవాలనిపించింది. తప్పా? ప్రింటు వేయడం నేనే నేర్పాను, మనవరాలి ఫొటో కోసమని అడిగితే. పోయేది నా ఉద్యోగమేగా."

పెద్దాయన గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నీ ఉద్యోగం పోవడమేమిటి?"

ఆయనకి ఎవరూ చెప్పలేదు. అల్లుడు చెప్పలేదు, ఆమె చెప్పలేదు. ఆ గదిలోకి కునుకు తీయడానికి వచ్చే మనిషికి ఆ ఆఫీసులో ఏం జరుగుతోందో తెలియదు. డిటెక్టివ్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. పెద్దాయన అన్న కూతురి వైపు చూశాడు.

"పిచ్చిపిల్లా. పేపర్లో చూసుకోవాలనా? నా పని చూసుకోవాలంటే వంతెన కిందికి పోయి చూసుకుంటాను. నా ఫొటో ఎవడిక్కావాలి? నేను దిమ్మని తీశాను."

"దిమ్మనా?"

"ఎనిమిదేళ్ల కిందట మేమే వేశాం. నలభై ఏళ్లు ఉండాల్సింది. పక్క చీలిపోయింది. అదే బ్యాచివి మూడు వంతెనలకి వేశాం. రెండింటికి చప్పుడు లేకుండా మార్చేశాం. మూడోది రైలు పట్టాల మీది వంతెన. దాని కిందికి దిగాలంటే రైలువాళ్ల అనుమతి కావాలి, ఇంకా రాలేదు. ఈ సాయంత్రం ఆరింటికి దాని మీంచి కరెంటు ఆఫీసువాళ్ల భారీ ట్రాన్స్‌ఫార్మర్ పోతోంది, ట్రెయిలరు మీద. వంతెన మోస్తుందని మాట ఇచ్చింది మనమే."

బావమరిది గోడకి ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"అల్లుడికి చెప్పాను," అన్నాడు పెద్దాయన. "లెక్క ప్రకారం మోస్తుందన్నాడు. అది పోయాక మారుద్దాం, ఇప్పుడు ఆపితే ఎందుకని అడుగుతారు, ఎవరికీ తెలియకూడదని మీరే కదా అంటారు అన్నాడు. నా మాట నాకే చుట్టాడు. అందుకని ఫొటో పంపాను. ఇంజనీర్లు పేపరు చదువుతారుగా. చీలిన దిమ్మ చూస్తే ఆపేస్తారనుకున్నా."

"కింద ఒక్క ముక్క రాయాల్సింది తాతగారూ!"

"ఏమని? చీలింది కనిపిస్తూనే ఉందిగా."

"మనుషులకి మనుషులే కనిపిస్తారు. పేపరువాళ్లు మీ దిమ్మని సగానికి కత్తిరించేశారు."

ఆమె పేపరు అందించింది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ చూశాడు. అప్పటిదాకా ఆయన దాన్ని చూడనేలేదు.

"అదేమిటి? కత్తిరించిందే కదా ఫొటో!" అన్నాడు.

డిటెక్టివ్ వాచీ చూసుకుని, రోడ్ల శాఖకి ఫోన్ చెయ్యమన్నాడు. అన్న కూతురు చేసింది. అవతలి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. మీ ఎండీగారు మోస్తుందని చెబితే అనుమతిచ్చాం, ఆయన వద్దంటే ఆపుతాం, ఇంతకీ మీరెవరు అన్నాడు.

ఎండీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆమె రిసీవరు ఆయన వైపు చాచింది. ఆయన తీసుకోలేదు.

"క్లయింట్లు ముందే వచ్చి కింద కూర్చున్నారు," అన్నాడు. "ఒక్క పది నిమిషాలు. వాళ్లతో మాట్లాడి, మెల్లగా..."

"ఫొటో తీసింది నేను. పంపింది నేను. నాలుగింటికి చెప్పాల్సిన పేరు నాది," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు ఆ ఫోన్ తీసుకో అల్లుడూ."

"మామయ్యగారూ, లెక్క తప్పదు. నేను మూడుసార్లు వేశాను. ఒకసారి నోరు జారితే ఇంక మనకి ఒక్క వంతెన కూడా ఎవరూ ఇవ్వరు. రెండొందలమంది బతుకుతున్నారు దీని మీద." అబద్ధం ఆడుతున్నవాడి గొంతు కాదది.

అన్న కూతురు రిసీవరు పెట్టేసి మళ్లీ ఎత్తింది. రేడియో స్టేషనుకి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా రోడ్ల సంగతులు చెప్పే కార్యక్రమం ఒకటుంది. బండి నడిపేవాళ్లంతా దాన్నే పెట్టుకుంటారు.

డిటెక్టివ్ ఫోన్ మీద చెయ్యి వేశాడు. "ఆలోచించుకో. పొద్దుటినుంచీ నువ్వు కాదని నిరూపించడానికి తిరిగాను. నిరూపించాను కూడా. ఇప్పుడు నువ్వు నోరు విప్పావంటే గుట్టు బయటపెట్టింది నువ్వే అవుతావు. ఇంకే కంపెనీ నిన్ను నమ్మదు."

"తెలుసు బాబాయ్. చెయ్యి తియ్యి."

తీశాడు. చిన్నప్పుడు సైకిలు వెనక పట్టుకున్న చెయ్యి తీసినట్టు తీశాడు.

ఆమె కంపెనీ పేరు చెప్పింది. తన పేరు చెప్పింది. ఉద్యోగం ఏమిటో చెప్పింది. వ్యాఖ్యాత ఆమె లైనుని నేరుగా ప్రసారంలో కలిపాడు. బావమరిది తన ఫోన్లో రేడియో పెట్టాడు. ఒక క్షణం ఆలస్యంగా ఆమె గొంతు అందులోంచి వచ్చింది.

"రైలు పట్టాల మీది వంతెనకి ఎనిమిదేళ్ల కిందట మేం వేసిన దిమ్మల్లో లోపం ఉండొచ్చు. అదే రకం దిమ్మ ఇంకోచోట చీలింది. పొద్దున పేపర్లో వచ్చిన ఫొటో దానిదే. మేం చూసేదాకా బరువు బండ్లేవీ ఆ వంతెన ఎక్కకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్లే డ్రైవరు వింటుంటే, దయచేసి బండి ఆపెయ్యండి. తప్పు మాది. ముందే చెప్పాల్సింది."

ఎండీ కుర్చీలో కూలబడ్డాడు. ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. పెద్దాయన వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ట్రెయిలరు వంతెన ఎక్కడానికి ఇంకా మూడు గంటలుంది," అన్నాడు బావమరిది. "గట్టెక్కాం."

"ఉండండమ్మా, ఫోన్ పెట్టకండి," అన్నాడు వ్యాఖ్యాత. "రెండో లైన్లో ఒకాయన ఉన్నాడు. ట్రెయిలరు వెనకాలే కారులో వస్తున్నాడట. సాయంత్రం రద్దీ అని దాన్ని మధ్యాహ్నమే కదిలించారట."

బావమరిది ఫోన్ సౌండు పెంచాడు.

"డ్రైవరు రేడియో విన్నాడట. ఆపేశాడట."

అన్న కూతురు కళ్లు మూసుకుంది. "దేవుడా."

"వంతెన మీద ఆపేశాడట. సరిగ్గా మధ్యలో. ముందుకి వెళ్లనంటున్నాడట, వెనక్కీ రానంటున్నాడట. దిగి పారిపోయాడట."

ఆమె రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. ఆపెయ్యండి అంది గానీ ఎక్కడ ఆపాలో చెప్పలేదు. కదిలే బరువు అయితే దాటిపోయేది. ఇప్పుడది దిమ్మ మీద కూర్చుంది.

పెద్దాయన ఒక్కడే కదిలాడు. కిటికీ తెరిచి, కింద యార్డులోకి కేక వేశాడు. అంత గొంతు ఆయనకుందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"ఎనిమిది జాకీలు, రెండు పంపులు, అందరూ లారీ ఎక్కండి! బరువుతో సహా ఎత్తాలి!"

బావమరిది అప్పటికే రైలువాళ్లకి ఫోన్ చేస్తూ కారు తాళాలు డిటెక్టివ్ చేతిలో పడేశాడు. ఎండీ కుర్చీలోంచి లేచి, ఆ వంతెన బరువెంతో, ట్రెయిలరు బరువెంతో, ఏ స్తంభం కింద నేల మెత్తనో ఒక్కొక్కటే అప్పజెబుతూ మామగారి వెంట నడిచాడు. మెట్ల దగ్గర పెద్దాయన ఆగి వెనక్కి తిరిగాడు. అన్న కూతురు ఇంకా బల్ల దగ్గరే ఉంది.

"రావేం?"

"నేను చేసిందే కదా ఇదంతా తాతగారూ. ఈపాటికి కెమెరాలు కూడా వచ్చేసుంటాయి. ఊరంతా చూస్తుంది."

"చూడనీ. నువ్వు నా పక్కన నిలబడు. ఎవడైనా ఏమైనా అడిగితే నువ్వు చెప్పు." ఆయన కమ్మీ పట్టుకుని మెట్టు దిగాడు. "నేను ఎత్తుతాను."